నెమలి దగ్గర ఏడుపు

పోయిన నెల మా అన్న కూతురు బెంగళూరు నుంచి వచ్చి మదనపల్లెలో మా ఇంట్లో రెండు రోజులు ఉండిపోయింది. టీవీలో పాటల పోటీకి తయారవుతోంది. గొంతు బాగుంది, శ్రుతి బాగుంది, ఏడుపు మాత్రం రావడం లేదట. విషాదగీతం పాడుతుంటే ఎదుట కూర్చున్నవాళ్లు ఫోన్లు చూసుకుంటున్నారట. పాట నేర్పే ఆయన, నీ జీవితంలో జరిగిన బాధాకరమైన సంఘటన ఒకటి గుర్తు తెచ్చుకుని పాడు అన్నాడట. పంతొమ్మిదేళ్ల పిల్ల, అడిగినవన్నీ కొనిచ్చే ఇల్లు. "గుర్తు తెచ్చుకునేదానికి నాకేం జరగలేదు చిన్నాయనా" అని దిగులుపడింది. ఆ దిగులునే గుర్తు తెచ్చుకోమన్నాను. నవ్వలేదు. పోనీ, పాడేటప్పుడు ఏ బాధా గుర్తు తెచ్చుకోవద్దు, కాలు ఎక్కడ పెడుతున్నావో అదొక్కటే చూసుకో అన్నాను. అప్పుడూ నవ్వలేదు కానీ, ఈసారి నేను తమాషాకు అనలేదు. ఆ మాట నాది కాదు, మా గంగులప్ప మామది. ఆ పిల్ల బస్సెక్కి వెళ్లిపోయాక మామ గొంతు నా చెవిలో మోగుతూనే ఉంది. రాసేస్తే తప్ప ఆగదనిపించింది.

గంగులప్ప మామ మా అమ్మకు పెద్దన్న. పుంగనూరు దాటినాక మెట్టపొలాల మధ్య చిన్న పల్లె ఆయనది. ఏడాదిలో తొమ్మిది నెలలు ఆయన నాలుగు పాడి ఆవులూ ఒక మంద గొర్రెలూ మేపుకునే మనిషి. ఎండాకాలం వస్తే తపసు గంగులప్ప. మా వైపు ధర్మరాజుల గుడి తిరునాళ్లు పద్దెనిమిది రోజులు జరుగుతాయి. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అందులో ఒక్క రోజు మాత్రం నాటకం పట్టపగలే. ఆ రోజు ఊరి బయట అరవై అడుగుల మాను పాతి, ఎక్కేందుకు కొయ్యమెట్లు దిగగొట్టి, చివరన ఒక మనిషి కూర్చునేంత మంచె కడతారు. శివుణ్ణి మెప్పించి అస్త్రం తెచ్చుకోబోయే వీరుడి వేషం కట్టినవాడు మెట్టుకొక పద్యం పాడుకుంటూ దాన్ని ఎక్కాలి. ఆ వీరుడెవరో తెలుగువాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. పిల్లలు లేని ఆడవాళ్లు తడిచీరలతో మాను చుట్టూ సాష్టాంగపడి ఉంటారు. పైకి చేరినాక ఆయన విసిరే నిమ్మకాయ ఎవరికి దక్కితే వాళ్ల కడుపు పండుతుందని నమ్మకం. పండినవాళ్లు మరుసటేడు బిడ్డను తెచ్చి మామకు చూపించేవాళ్లు. పండనివాళ్లు మరుసటేడు మళ్లీ వచ్చి పడుకునేవాళ్లు. మదనపల్లె నుంచి కుప్పం దాకా ఎవరు మాను పాతినా తాంబూలం ముందు మామకే అందేది. మిగతావాళ్లు మాను ఎక్కేవాళ్లు, అంతే. మామ ఎక్కుతుంటే కింద జనం ఏడ్చేవాళ్లు.

ప్రతి పద్యమూ "శంకరా" అనే పిలుపుతో ముగుస్తుంది. ఆ పిలుపు దగ్గర మామ గొంతు పగిలేది. పగిలి, ఒక్క రెప్పపాటు ఏమీ వినపడక, మళ్లీ ఎక్కడో లోపలినుంచి లేచి వచ్చేది. ఆ రెప్పపాటులో తిరునాళ్లలో బొరుగులమ్మే ముసలామె కూడా చేట పక్కన పెట్టి ముక్కు చీదేది. ఆయన మీదికి ద్రౌపదమ్మ వస్తుందని మా అత్త రెడ్డెమ్మ నమ్మకం. వేషం కట్టే రోజుల్లో మామ ఒంటిపూట తిని, చాప మీద పడుకుని, చెప్పులూ మాంసమూ మానేసేవాడు. ఆకువక్కా పొగాకూ మాత్రం మానలేదు. అవి ఏ దేవుడూ తనను అడగలేదని ఆయన వాదన.

నేనప్పుడు మదనపల్లెలో డిగ్రీ చదువుతున్నాను. క్యాసెట్లు పోతూ సీడీలు వస్తున్న రోజులు. మా హాస్టలు సాంబారులో ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చు. మా ఊరు పెద్దతిప్పసముద్రం అవతల, దానికి రోజుకు రెండే బస్సులు. పుంగనూరుకు గంటకొకటి. ఆకలైనవాడికి ఏ బస్సు ముందొస్తే అదే బంధుత్వం. శనివారం సాయంత్రానికి మామ ఇంటి వాకిట్లో ఉండేవాణ్ణి. కొట్టంలోంచి పచ్చిగడ్డి వాసన, పొయ్యి మీద పొంగి మాడిన పాల వాసన, చలికాలమైతే అనపగింజల పితికిపప్పు కూర వాసన, దూలానికి వేలాడే వేషం మూటలోంచి కొబ్బరినూనె కలిసిన రంగుల వాసన, ఇవన్నీ కలిసి ఒక్కటిగా ముక్కుకు తగిలేవి. అత్త నా ముఖం చూసేది కాదు, చేతులు చూసేది. "సన్నబడినావే అప్పా" అంటూ సంగటి ముద్ద పెట్టేది. ఆమె ముద్ద ఒకటి తింటే సోమవారం పొద్దున దాకా మనిషి వంగలేడు.

ఏ ఏడుపూ నా ముందు నిలిచేది కాదు. పెళ్లిలో అప్పగింతలప్పుడు వియ్యంకుడి చెప్పులు మారిపోయిన సంగతి నాకే కనిపించేది. అందుకని మిమిక్రీ పట్టుకున్నాను. మదనపల్లె పక్కన అంగళ్లు అనే ఊళ్లో ఒక ఇంజనీరింగు కాలేజీలో వార్షికోత్సవానికి పిలిచారు. కోళ్లు, రైళ్లు, రాజకీయ నాయకులు అందరి దగ్గరా ఉంటాయి. నా దగ్గర మాత్రమే ఉండాల్సింది ఒకటి కావాలి కదా, మామ ఏడుపు తీసుకుందామనుకున్నాను. ఊళ్లో మైకుసెట్టు వాళ్లు పట్టిన క్యాసెట్లు మూడు దొరికాయి. ఒకటి పుంగనూరు పక్కది, ఒకటి కుప్పం వైపుది, ఒకటి మదనపల్లె దగ్గరిది. మామ ఇంట్లో టేప్‌రికార్డరుకు చెవి ఆనించి పడుకుని, ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ ఆపి, ఫిజిక్సు రికార్డు పుస్తకం చివరి పేజీల్లో రాసుకోవడం మొదలుపెట్టాను. మొత్తం మూడేళ్ల డిగ్రీలో నేను నిజాయితీగా చేసిన ప్రయోగం అదొక్కటే.

తేలిందేమిటంటే, ఆ కన్నీళ్లకు టైంటేబుల్ ఉంది. మూడు ఊళ్లు, మూడు ఏళ్లు, ఏడుపు మాత్రం అదే అక్షరం దగ్గర. "శం" అని పూర్తి గొంతుతో పట్టుకుని, తర్వాతి అక్షరానికి ముందు మామ గొంతు మూసేస్తాడు. లోపల గాలి కమ్ముకుంటుంది. ఒక్క దెబ్బతో తలుపు తీసినట్టు దాన్ని వదిలితే స్వరం ముక్కలై బయటపడుతుంది. అదే జనం పగులు అనుకునేది. స్వరం కూడా సరిగ్గా ఉండాల్సిన చోట దిగదు. వెంట్రుకవాసి కిందుగా దిగి, మెల్లగా పైకి పాకుతుంది. పడిపోయినవాడు లేస్తున్నట్టు వినపడేది అందుకే. చివరి "రా"ను పూర్తిగా పలకడు, సగం మింగేస్తాడు. మిగిలిన సగం వినేవాడు తన లోపల పలుక్కుంటాడు, గొంతుకు ఉండ అడ్డుపడేది అప్పుడు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇంకొకటి. ఆ వెక్కు లోపలే మామ ఊపిరి తీసుకుంటాడు. మెట్టెక్కేవాడికి ఊపిరి కావాలి. ఆయాసం వినపడితే వీరుడు ముసలివాడైపోతాడు. కాబట్టి ఆయాసాన్ని ఏడుపులో దాచేశాడు. జనం కొంగులతో కళ్లు ఒత్తుకుంటున్నారే, ఆ చోట మా మామ హాయిగా గాలి పీల్చుకుంటున్నాడు.

అంగళ్లులో నా "శంకరా"కు హాలు నవ్వుతో ఊగిపోయింది. ఆ నవ్వు మూడో రోజుకే మామ ఊరికి చేరింది. శనివారం వాకిట్లో అడుగుపెట్టేసరికి అత్త ముఖం తిప్పేసుకుంది. అమ్మవారితో ఆటలా అని గోడతో చెప్పింది. మామ కొట్టంలో ఆవు పొదుగు కడుగుతున్నాడు. ఏదీ, ఒకసారి నాకు చెయ్యి అన్నాడు. చచ్చానురా అనుకుంటూ చేశాను. ఆయన తలవంచుకుని విన్నాడు.

"ఆడ కాదు అల్లుడా. గాలి అంతకు ముందే పట్టుకోవాల. నువ్వు ఏడ్సినాక పట్టుకుంటాండావు."

అయితే నీకు నిజంగా ఏడుపు రాదా మామా అని అడిగాను.

"వస్తే కింద పడతా గదప్పా. కండ్లల్లో నీళ్లొస్తే మెట్టు యాడ కనపడతాది? ఆయమ్మలు ఏడ్సాలంటే నేను ఏడవగూడదు. కాలు యాడ పెడతాండానో అదొక్కటే సూసుకుంటా."

మీ అత్తకు చెప్పవద్దు అని మాత్రం అన్నాడు. ఆ రోజు నుంచి మేమిద్దరం ఒక పార్టీ. నేను పరీక్షకుడి హోదాలో సలహాలు కూడా ఇచ్చేవాణ్ణి. మైకుల్లో ఆ దెబ్బ వెనక వరసలకు మెత్తగా తగులుతోంది, ఇంకొంచెం గట్టిగా కొట్టు మామా అన్నాను. సరే అన్నాడు. ఆ ఏడాది గట్టిగానే కొట్టాడు.

మరుసటి ఎండాకాలం పలమనేరు దగ్గర ఒక పల్లెలో మాను. నేను మైకుసెట్టు మనిషి పక్కన కూర్చున్నాను. మూడో పద్యం కొండ వర్ణన. సెలయేళ్లు, చెట్లు, చిలకలు, నెమళ్లు. హాయిగా సాగిపోయే పద్యం. "నెమలి" అన్న మాట దగ్గర మామ గొంతు పగిలింది. నెమలి దగ్గర ఏడుపేముంది? నా రికార్డు పుస్తకంలో అక్కడ ఏమీ లేదు. తర్వాత ఒక చెట్టు పేరు దగ్గర పగిలింది. పిలుపు దగ్గర మాత్రం పగలాల్సినంత పగలక, గాలి మాత్రమే వచ్చింది. మధ్యలో రెండు పద్యాలు వదిలేసి రెండేసి మెట్లు ఎక్కేశాడు. జనం మాత్రం ఎన్నడూ అంతగా ఏడవలేదు. ఎక్కడ ఏడుస్తాడో తెలియని ఏడుపు కదా, ఎవరికీ కాచుకునే వీల్లేకపోయింది. మైకుసెట్టు మనిషి భుజం మీది తువ్వాలతో ముఖం కప్పుకున్నాడు. అంత జనంలో కళ్లు పొడిగా ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే.

మామ దిగి వచ్చాక అత్త ఆయన ముఖం తుడుస్తూ, ఇంత బాగా ఎన్నడూ పాడలేదు అని మురిసిపోయింది. ఆమె నీళ్లకోసం అటు వెళ్లగానే దగ్గరికి పోయి అడిగాను.

"నెమలి కాడ ఏడిస్తివే, యాల మామా?"

మాట బొంగురుగా వచ్చింది. "నేను ఏడవలేదప్పా. గొంతు దానిపాటికది ఏడ్సింది."

బొంగురు వారం దాటినా తగ్గలేదు. అత్త వాళ్ల నాయన పొగాకు నమిలే మనిషి, గొంతులో గడ్డ లేచి పోయాడు. ఆయనకూ మొదలైంది బొంగురుతోనే. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ ఎత్తలేదు. మిరియాల కషాయం, కరక్కాయ, తేనె, తమలపాకు రసం ఒకదాని వెంట ఒకటి మామ గొంతులో దిగాయి. ఇల్లు పచారీ అంగడి వాసన వేసింది. నేను నిద్రపోతే కలలో నా గొంతే వినపడేది, ఇంకొంచెం గట్టిగా కొట్టు మామా అని. అది మాత్రం నేనెవరికీ చెప్పలేదు. ఈలోగా కుప్పం వైపు ఒక ఊరికి మామ తాంబూలం తీసుకుని ఉన్నాడు. అది ముగించుకున్నాకే ఏ ఆసుపత్రైనా అన్నాడు. ఇన్నేళ్లలో ఒక్క తాంబూలం వెనక్కి ఇవ్వలేదని, రాసిపెట్టి ఉంటే ఆ మాను మీదనే పోతానని, గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని చెప్పాడు. అత్త కొంగు నోట్లో కుక్కుకుంది.

"పోతే పోదువు గాని మామా, కింద ఆడోళ్లు పండుకోనుంటారు. నేరుగా వాళ్ల మీదనే పడతావు" అన్నాను.

మామ కళ్లు తెరిచాడు. ఈ కోణం ఆయనకు తట్టలేదు. అత్తకు నవ్వొచ్చింది, నవ్వు మధ్యలో ఏడుపొచ్చింది. మరుసటి పొద్దున ముగ్గురం పుంగనూరులో బస్సెక్కి, పలమనేరులో మారి, కుప్పం పెద్దాసుపత్రికి పోయాం.

గొంతు చూసే డాక్టరమ్మ చిన్న వయసుది. మామ నాలుకను గుడ్డతో పట్టి లాగి, లోపలికి అద్దం పెట్టి, "ఈ" అనమంది. ఏం పని చేస్తారు అని అడిగితే అత్త ఆవులు మేపుతాడని చెప్పింది. ఆవులు మేపితే గొంతు ఇట్లా కాదే అంది డాక్టరమ్మ. మామ నన్ను చూశాడు. ఇక దాచి లాభం లేదని నేను మొదలుపెట్టాను. గొంతు మూయడం, గాలి కమ్ముకోవడం, దెబ్బ, వెంట్రుకవాసి కిందుగా దిగడం, వెక్కులో ఊపిరి, అన్నీ అత్త ఎదుటే చెప్పాను. సరిగ్గా ఎట్లా అంటాడో చూపించమంది డాక్టరమ్మ. ఆ గదిలో నిలబడి "శంకరా" అన్నాను. బయట బెంచీ మీద వంతు కోసం కూర్చున్న ఒక ముసలామె కళ్లు ఒత్తుకోవడం తలుపు సందులోంచి కనిపించింది. అత్త నన్ను చూసింది, మామను చూసింది. పెద్ద డాక్టరు భోజనం తర్వాత వస్తాడు, గొట్టం వేసి చూస్తాడు, అప్పుడే ఏ సంగతీ తేలుతుంది అన్నారు.

ఆ మూడు గంటలు వేపచెట్టు కింద కూర్చున్నాం. సద్దిమూట విప్పలేదు. మామ మెల్లగా, గాలిగొంతుతో అత్తకు అప్పజెప్పడం మొదలుపెట్టాడు. ఎర్రావు వట్టిపోయినా ఎవరికీ అమ్మవద్దు. కిరీటం నా తమ్ముడి కొడుక్కి ఇయ్యి, వాడికి తల పెద్దది, సరిపోతుంది. అత్త నేల చూస్తూ ఊకొడుతోంది. తల పెద్దదన్న మాట దగ్గర నేను ఏదైనా అనాలి. ఇద్దరూ నావైపు చూశారు కూడా. నాకు ఏమీ రాలేదు. నా జీవితంలో జోకు రాని మధ్యాహ్నం అదొక్కటే.

పెద్ద డాక్టరు చూసి వెళ్లాక ఆ చిన్న డాక్టరమ్మే బయటికొచ్చింది. "పెద్దాయనా, భయపడేదేం లేదు. కాయ కాసింది, అంతే" అంది. అత్తకు అర్థం కాలేదు. డాక్టరమ్మ అత్త కుడిచెయ్యి పట్టుకుని తిప్పింది. ఏళ్లకొద్దీ కొడవలితో గడ్డి కోసిన చెయ్యి. వేళ్ల మొదట గట్టిపడిన చర్మాన్ని బొటనవేలితో నొక్కి చూపించి, ఇదే ఆయన గొంతులో రెండు పక్కలా ఉంది, తగిలిన చోటే తగిలి తగిలి కాసింది, చెడ్డ గడ్డ కాదు అంది. ఒక్క ఏడాదిలో వచ్చేది కాదిది, ఇరవై ఏళ్ల పని అని కూడా అంది. సిగ్గుతో రాస్తున్నాను, నాకు మొదట కలిగిన సంతోషం మామ బతుకుతాడని కాదు. తప్పు నాది కాదని. మామ బతుకుతాడన్న సంతోషం దాని వెనకాలే వచ్చింది, కానీ వెనకాలే వచ్చింది. పొగాకు జన్మలో ముట్టకూడదు, నెల రోజులు మాట్లాడకూడదు, గుసగుస కూడా వద్దు, అప్పటికీ మెత్తబడకపోతే కోయాలి, కోస్తే పాత గొంతే తిరిగి వస్తుందని చెప్పలేం అన్నారు.

తిరుగు బస్సులో అత్త అందుకుంది. పొగాకుతో మొదలుపెట్టి, పెళ్లైన కొత్తలో తిరునాళ్లలో తనను మర్చిపోయి వచ్చిన సంగతి దాకా వెళ్లి, మా ఇద్దరి గుట్టు దగ్గరికి వచ్చి, మళ్లీ పొగాకు దగ్గర మొదలుపెట్టింది. మామ కిటికీ పట్టుకుని బయటికి చూస్తూ కూర్చున్నాడు. జవాబు చెబితే డాక్టరమ్మ ఒప్పుకోదు. అత్త జీవితంలో అంత సుఖమైన ప్రయాణం ఇంకొకటి లేదనుకుంటా. పలమనేరు వచ్చేసరికి సద్ది విప్పి ఆయనకు ముందుగా పెట్టింది.

కుప్పం వైపు ఊరి తాంబూలం వెనక్కి ఇచ్చేశాం. వాళ్లు వేరే వేషగాణ్ణి తెచ్చుకున్నారు. మామ చూస్తానని పట్టుబడితే నేను తీసుకుపోయాను. ఆ కుర్రవేషగాడు బస్సు పోతున్నట్టు గబగబా పాడుకుంటూ ఎక్కేశాడు. పగులు లేదు, వెక్కు లేదు. ఆడవాళ్లు అట్లాగే పడుకున్నారు, నిమ్మకాయలు అట్లాగే పడ్డాయి, దొరికినవాళ్లు కళ్లకద్దుకున్నారు. మామ నా జేబులోంచి పెన్ను తీసుకుని నా అరచేతిలో రాశాడు: నిమ్మకాయలు బాగానే పడినాయి. అది బాధో ఊరటో నాకు తెలియలేదు. దారిపొడుగునా తేలిగ్గా నడిచాడు.

ఇప్పుడైతే మా అన్న కూతురు ఫోనులో పాట పెడితే గొంతు గీతలు గీతలుగా కనపడుతుంది. ఎక్కడ వణికిందో, ఎక్కడ ఊపిరి తీసుకున్నారో రంగులేసి చూపిస్తుంది. నాకు నెలలు పట్టిన పని అది టీ చల్లారేలోపు చేసేస్తుంది. దాని మీద నాకేం కోపం లేదు. టేపు వెనక్కి తిప్పి తిప్పి నా బొటనవేలికీ కాయే కాసింది. కాకపోతే అన్నిసార్లు విన్నందువల్లే ఒక మనిషి గొంతు నాకు కంఠతా వచ్చింది. నెమలి దగ్గర ఏడవకూడదని తెలిసింది. ఆ తర్వాత మామ ఇంకా చాలా ఎండాకాలాలు మాను ఎక్కాడు. గొంతును కొట్టడం మానేసి, ఆ అక్షరం ముందు ఊరికే ఆగేవాడు. ఏమీ చేయని ఆ ఖాళీకి కూడా జనం ఏడ్చారు. నా పరిశోధన అంతా ఒక్క మౌనంతో కొట్టుకుపోయింది.

కానీ అదంతా తర్వాత. ఆ నెల గడిచినప్పుడు మాకవేమీ తెలియవు. నెలంతా ఇల్లు మూగబోయింది. పాలు పితికేటప్పుడు మామ ఏదో ఒక పద్యం కూనిరాగం తీసేవాడు. అది లేక ఎర్రావు పాలు చేపడం తగ్గించింది. మామ గొంతుతో నేను కూనిరాగం తీస్తే అది వెనక్కి తిరిగి నన్నొకసారి చూసి కాలు విదిలించింది. అంగళ్లులో అందరినీ పడగొట్టిన మిమిక్రీ ఆవు దగ్గర బోల్తా పడింది. మామ చేతులతో ఏదో చెప్పబోతే నేను కావాలని తప్పుగా అర్థం చెప్పేవాణ్ణి. ఆయన కోపంతో ఊగిపోతూ నోరు తెరిచి, మళ్లీ మూసుకునేవాడు. ఆ ఆట కూడా చివరి వారానికి సాగలేదు. అత్త రోజులు లెక్కపెడుతోంది. తెరిచిన నోట్లోంచి ఏమొస్తుందో, ఏమీ రాదో అన్న భయం ముగ్గురికీ ఒకటే.

ముప్పయ్యో రోజు పొద్దున కొట్టంలో అత్త ఒక ఆవు దగ్గర, మామ ఎర్రావు దగ్గర కూర్చుని ఉన్నారు. నేను దూడను పట్టుకుని నిలబడ్డాను. మొదటి మాట శివుడి పేరే అవుతుందని అత్త పొద్దున్నే దీపం పెట్టి వచ్చింది. మామ గొంతు సవరించుకోలేదు, ఎటూ చూడలేదు. పొదుగు కడుగుతూ, బావిలో నీళ్లంత తేటగా, ఎక్కడా జీర లేకుండా అన్నాడు:

"రెడ్డెమ్మా, సంగట్లో ఉప్పు ఎక్కువైతాండాది. నెల్లాళ్ల నుంచి చెప్దామని సూస్తాండా."

అత్త చెంబు కింద పెట్టేసింది. ఆవు పొట్టకు నుదురు ఆనించింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, చెంబు మళ్లీ అందుకుని, "ఈ పొద్దు చప్పగా చేస్తాలే" అంది.